‘బట్ ఐ...’ అని ఆగిన చోట

యార్క్ నుంచి లండన్ వచ్చే సాయంకాలపు రైల్లో, నా ఎదుటి సీట్లో ఒక పెద్దాయన ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల ఎవరున్నారో తెలియదు. కూతురేమో, ఎన్నాళ్ళకో పలకరించిన స్నేహితుడేమో. ‘ఐ వజ్ గోయింగ్ టు రింగ్ యూ’ అన్నాడు, ఫోన్ చేద్దామనే అనుకున్నానని. కాసేపాగి ‘బట్ ఐ...’ అన్నాడు. ఆ తర్వాత క్రియ రాలేదు. కిటికీ బయట పొలాలు మసకబారుతున్నాయి. ఆయన ఫోను చెవికి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు. అవతలి మనిషికి సంగతి అందినట్టే ఉంది. కొన్ని క్షణాలకు ఆయన ‘యెస్... యెస్’ అంటూ మెల్లగా తలూపాడు.

ఏళ్ళు గడిచాయి. ఆ రెండు పొట్టి మాటలు మాత్రం నా చెవిలోంచి పోలేదు. అదే సంగతి తెలుగులో అయితే ‘చేద్దామనే అనుకున్నాను కానీ...’ అని ఊరుకుంటాం. మనమూ ఆగుతాం. అయితే మనం ‘కానీ’ దగ్గరే ఆగుతాం, ‘నేను’ను గడప దాటించం. ఆ పెద్దాయన మరొక్క అడుగు వేశాడు. ‘బట్’ దాటి ‘ఐ’ మీద కాలుపెట్టి అక్కడ నిలబడిపోయాడు. సాకు చెప్పలేదు, కారణం చెప్పలేదు. వాక్యం నడిమధ్య తనొక్కడూ మిగిలాడు. ఇంత చిన్న మాటల్లో ఇంత పశ్చాత్తాపం పడుతుందా అని నేను ఆ రాత్రంతా ఆశ్చర్యపోతూనే ఉన్నాను.

అప్పటినుంచి ఇంగ్లీషు వింటే నా చెవి నామవాచకాల మీదికి పోదు, క్రియల మీదికి పోదు. ‘ఐ’కి ముందు ఏ మాట వచ్చిందా అని వెతుక్కుంటుంది. బట్, సో, అండ్, బికాజ్, దో, ఇఫ్, మేబీ, హానెస్ట్లీ. బళ్ళో వీటికి కంజంక్షన్లు, అడ్వర్బులు అని పేర్లు చెప్పి వదిలేశారు. మన వ్యాకరణం వీటిలాంటి మాటలను ఒకే గూటికి చేర్చి ఎంతో అందమైన పేరు పెట్టింది: అవ్యయం. లింగం మారినా, వచనం మారినా, విభక్తి మారినా తాను మారనిది. వ్యయం లేనిది. ఎన్ని కోట్లసార్లు వాడినా అరిగిపోని ఈ మాటల వెంటే ఇంగ్లీషువాడి ‘నేను’ బయటికొస్తుంది.

ఇంత చిన్న మాటలో రసం ఉంటుందా అని సందేహించేవారికి ఆనందవర్ధనుడు పదకొండు వందల ఏళ్ళ కిందటే బదులిచ్చాడు. తొమ్మిదో శతాబ్దపు ఆ కాశ్మీర ఆలంకారికుడు ‘ధ్వన్యాలోకం’ మూడో ఉద్యోతంలో విభక్తి ప్రత్యయం, క్రియా ప్రత్యయం, వచనం, నిపాతమనే చిన్న అవ్యయం, ఇవన్నీ కూడా ధ్వనిని, అంటే పైకి చెప్పని అర్థాన్ని, మోయగలవని చూపించాడు. నిపాతానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో ఒకటి శాకుంతలం మూడో అంకంలోది. శకుంతల వెళ్ళిపోయాక దుష్యంతుడు తలుచుకుంటాడు: ఆమె ముఖాన్ని ఎలాగో పైకెత్తాడు, ముద్దు మాత్రం పెట్టలేదు. ఆ శ్లోకం ‘తు’ అనే ఒక్క అక్షరంతో ముగుస్తుంది. అంటే ‘కానీ’. రాజు బాధంతా ఆ ‘తు’లో ఉందని ఆనందవర్ధనుడు గుర్తించాడు. దుష్యంతుడికీ రైల్లోని పెద్దాయనకీ మధ్య ఎన్ని శతాబ్దాలు, ఎన్ని సముద్రాలు! చేయాలనుకుని చేయలేకపోయిన పని ముందు మాత్రం ఇద్దరూ ఒకే మాట మీద వాలిపోయారు. కాళిదాసు దాన్ని శ్లోకం చివర ఉంచాడు. ఇంగ్లీషు దాన్ని ‘ఐ’కి ముందు నిలబెట్టింది.

ఆ ‘ఐ’ సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రపంచమంతటినీ ‘యూ’ అని చిన్నక్షరంతో రాసి తనను మాత్రం పెద్దక్షరంతో రాసుకునే భాష కదా, అది అహంకారమని మనలో చాలామంది అనుకుంటారు. చరిత్ర మరోలా ఉంది. పాత ఇంగ్లీషులో ఆ మాట ‘ఇచ్’. కాలక్రమంలో చివరి హల్లు రాలిపోయి ఒంటి అచ్చు మిగిలింది. ఆ అచ్చుకు ఒంటి గీతే అక్షరం. చేతిరాత ప్రతుల్లో అంత సన్నటి గీత పక్క అక్షరాల్లో కలిసిపోయి కనపడకుండా పోయేది. అందుకని లేఖకులు దాన్ని పొడుగ్గా గీయడం మొదలుపెట్టారు. పద్నాలుగో శతాబ్దపు కవి చాసర్ నోట అది ‘ఈ’ అని పలికేది. ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ చోటు మారిన ఆ తర్వాతి శతాబ్దాల్లో ‘ఐ’ అయింది. తప్పిపోతానేమోనని మునివేళ్ళ మీద నిలబడ్డ పసివాడిలా కనిపిస్తుంది నాకు ఆ అక్షరం. జాతరలో పిల్లవాడికి పెద్దవాళ్ళ చిటికెనవేలు ఎలాగో దానికి ‘బట్’, ‘సో’, ‘అండ్’ అలాగ.

ఆ వేలు ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెవికి తెలుస్తుంది. రాతలో రెండు మాటల మధ్య ఖాళీ ఉంటుంది గానీ నోట్లో ఉండదు. ‘అండ్ ఐ’ వేగంగా అంటే ‘అనై’. ‘ఇఫ్ ఐ’ అంటే ‘ఇఫై’. ‘సో ఐ’లో ఓకారానికీ ఐకారానికీ మధ్య సన్నటి వకారం చేరి ‘సోవై’ అవుతుంది. ‘మేబీ ఐ’లో యకారం చేరి ‘మేబీయై’ అవుతుంది. సంధి జరగని చోట అచ్చుల మధ్య యడాగమం వస్తుందని చిన్నయసూరి చదివిన మనకు ఇది పరాయి సంగతి కాదు. ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ చేసిన ఆ యకారమే అక్కడ ‘మేబీ’నీ ‘ఐ’నీ కలుపుతోంది. సందేహాన్నీ మనిషినీ అతికించే ఆ సన్నటి శబ్దానికి ఇంగ్లీషు రాతలో చోటు లేదు. విన్నవాడికే అది దక్కుతుంది.

ఈ మాటల పుట్టుక చూస్తే మరో సంపద. ‘బట్’కు పాత ఇంగ్లీషులో ‘బయట’ అని అర్థం. ‘స్టిల్’ అంటే కదలకుండా ఉన్నది. ‘వైల్’ అంటే కొంతసేపు. ‘పర్హాప్స్’లోని ‘హాప్’ అదృష్టం. చోటు, కాలం, నిశ్చలత్వం, అదృష్టం వంటి వాటిని కడిగి ఆరబెట్టి వాక్యాలను కుట్టే దారంగా చేసుకుంది ఆ భాష. అందుకే ‘బట్ ఐ’ అన్నప్పుడల్లా నాకు అడుగున ఆ పాత అర్థం కదులుతుంది: ఇంతవరకు చెప్పినదంతా లోపల, నేనేమో బయట.

తెలుగు తన దారాన్ని వేరే చోట వడికింది. కానీ, అయితే, అయినా, కాబట్టి, కాకపోతే, ఇవన్నీ ‘అగు’ అనే ఒక్క ధాతువు పిల్లలు. ఎందుకంటే, అందుకని, ఎలాగంటే, ఇవి ‘అను’ పిల్లలు. అవడం, అనడం. ఈ రెండు క్రియలతోనే మనం సగం ప్రపంచాన్ని కలిపి కుట్టుకున్నాం. ‘బికాజ్’ ఫ్రెంచి నుంచి ‘కారణం’ అనే నామవాచకాన్ని తెచ్చుకుంది. మన ‘ఎందుకంటే’ తానే ‘ఎందుకు’ అని అడిగి తానే జవాబు చెబుతుంది. ఒక్క మాటలో ఇద్దరు మనుషులు కూర్చున్నారు.

ఈ తేడా తెలిశాక ఇంగ్లీషువాళ్ళ మామూలు మాటలు కూడా నాకు మామూలుగా వినపడవు. బడినుంచి వచ్చిన పిల్ల తల్లికి ఆనాటి కథ చెబుతుంది: ‘అండ్ దెన్ ఐ... అండ్ దెన్ ఐ...’ ప్రతి ‘అండ్’కూ ఒక ఊపిరి, ప్రతి ‘దెన్’కూ కళ్ళు ఇంకాస్త పెద్దవవుతాయి. మన పిల్లలు ‘మరేమో... అప్పుడేమో నేను...’ అంటారే, సరిగ్గా అదే రాగం. కాలానికి ఇంకా కారణాలు అంటని వయసు అది. ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుంది, అన్నిటిలోనూ తానుంటుంది. పెరిగేకొద్దీ ‘అండ్’ల మధ్య ‘సో’లు దూరతాయి, ‘బికాజ్’లు దూరతాయి. చేసిన పనికి కారణం చెప్పుకోవలసిన రోజులు వచ్చాయన్నమాట. తర్వాత ‘దో’ వస్తుంది. ఒప్పుకుంటూనే ఒప్పుకోకపోవడం నేర్చిన మనిషి మాట అది. ఒక జీవితంలోని వయసులన్నీ ఈ వరసలోనే వినిపిస్తాయి.

‘ఇట్స్ జస్ట్ దట్ ఐ...’ అనే ఎత్తుగడ ఉంది. ‘జస్ట్’ మూలంలో న్యాయం. న్యాయం నుంచి ‘సరిగ్గా’, ‘సరిగ్గా’ నుంచి ‘అంత మాత్రమే’. ఇంత ఘనమైన మాట ఎంత ఒదిగిపోయిందో! పెద్ద సంగతేదో చెప్పబోయేవాళ్ళే దీన్ని ఎత్తుకుంటారు. భారం కనపడనివ్వకుండా కొంగు చాటున తెచ్చినట్టు. మనవాళ్ళు గుండెలో బండంత బాధ పెట్టుకుని ‘ఏం లేదూ...’ అని మొదలుపెడతారే, ఆ మర్యాదే ఇది. ‘ఏం లేదు’ అని విన్న తల్లి చేతిలో పని ఆపేస్తుంది. ‘జస్ట్’ విన్న ఇంగ్లీషు స్నేహితురాలు కూడా టీ కప్పు కింద పెట్టేస్తుంది.

‘హానెస్ట్లీ, ఐ డోంట్ నో’ అన్నారనుకోండి. నిజాయితీగా తెలియకపోవడమంటూ ఉండదు కదా. ఆ ‘హానెస్ట్లీ’ తెలియడానికి విశేషణం కాదు. ‘నిజాయితీగా చెబుతున్నాను’ అనే పైకి రాని వాక్యానికి విశేషణం. క్వర్క్, గ్రీన్‌బామ్, మరిద్దరు కలిసి 1985లో తెచ్చిన బృహద్ ఇంగ్లీషు వ్యాకరణం ఇలాంటి వాటిని వాక్యానికి కాస్త ఎడంగా నిలిచిన క్రియావిశేషణాలుగా వేరుచేసి చూపింది. వ్యాకరణంగా అది వర్గీకరణ. రసికుడికి అది ఒక దర్శనం. కనపడే ‘ఐ’కి ముందు, ఆ అడ్వర్బులో, కనపడని మరో ‘ఐ’ ఉంది. ఒకరు తెలియనివాడు, మరొకరు తెలియదని ఒప్పుకుంటున్నవాడు. తెలుగు ‘నిజం చెప్పాలంటే’ అని ఆ చెప్పడాన్ని బాహాటంగా పెడుతుంది. ఇంగ్లీషు దాన్ని ఒక ప్రత్యయంలో దాచుకుంటుంది. మన నిండుతనం నాకు ఎంత ఇష్టమో వాళ్ళ గోప్యం అంత ఇష్టం.

కొన్ని మాటలు ముందుకొస్తే ఇంగ్లీషు వాక్యమే వెనక్కి తిరుగుతుంది. ‘ఐ యామ్ హంగ్రీ’ అని ఒకరంటే రెండోవారు ‘సో యామ్ ఐ’ అంటారు. ‘సో’ తలుపు తీయగానే క్రియ ముందు నడిచింది, ఎప్పుడూ ముందుండే ‘ఐ’ చివరికి జరిగి చోటిచ్చింది. ‘నెవర్ హావ్ ఐ’, ‘ఓన్లీ దెన్ డిడ్ ఐ’ వంటి చోట్లా ఇదే నడక. మొదట ఏ మాట వచ్చినా రెండో స్థానం క్రియదే అన్న పాత జర్మానిక్ పద్ధతికి ఇది మిగిలిన ఆనవాలు. జర్మన్, డచ్ భాషల్లో ఈనాటికీ అదే కట్టు. నాకు మాత్రం అందులో ఒక సంస్కారం కనిపిస్తుంది. ఎదుటివాడి ఆకలి విన్నాక తన ఆకలిని చివర చెప్పుకునే సంస్కారం. తెలుగులో ఇంత పని ఒక్క మాత్రతో అయిపోతుంది: ‘నేనూ’. ‘నేను’ చివరి ఉకారాన్ని సాగదీస్తే చాలు, పక్కన ఇంకో మనిషి వచ్చి కూర్చుంటాడు.

ఇక ‘హాడ్ ఐ నోన్’. ‘తెలిసి ఉంటే’. అక్కడ ‘ఇఫ్’ ఉండాలి, ఉండదు. అవ్యయమే మాయమై, అది వదిలిన ఖాళీలోకి క్రియ ముందుకొచ్చి, ‘ఐ’ దాని వెనక చిక్కుకుంది. జరిగిపోయినదాని ముందు నిలబడ్డ మనిషి ఆకారం ఆ పదాల వరసలోనే ఉంది. తెలుగులో ‘తెలిసుంటేనా!’ అంటాం. అందులో ఎవరికన్న సూచన లేదు. నాకైనా, నీకైనా, ఊరందరికైనా అదే మాట. మన పశ్చాత్తాపం అందరిదీ అయి పలచబడుతుంది. వాళ్ళది ఒక్కరి మీదే బరువుగా దిగుతుంది. ఏది గొప్ప అని నేను తూచను. రెంటినీ అనుభవించినవాణ్ణి, రెంటికీ రుణపడినవాణ్ణి.

1987లో డెబోరా షిఫ్రిన్ అనే భాషాశాస్త్రవేత్త, ఫిలడెల్ఫియాలో మామూలు మనుషుల సంభాషణలు రికార్డు చేసి, వాటిలోని పదకొండు చిన్న మాటల మీద ఒక పుస్తకమంతా రాసింది. ఓ, వెల్, అండ్, బట్, సో వంటివి. అంత దొడ్డ పరిశోధనకు ఇంత చిన్న వస్తువా అని అడిగేవారుంటారు. రైల్లో ఆ పెద్దాయన మాట విన్నవాడెవడూ అడగడు.

ఆ ప్రయాణం జరిగిన కొన్ని నెలలకు అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. సంక్రాంతికి వస్తానని మాటిచ్చి వెళ్ళలేకపోయాను. ‘వద్దామనే అనుకున్నానమ్మా, కానీ...’ అని ఆగాను. ఎప్పుడూ అక్కడే ఆగేవాణ్ణి. ఆ రోజు ఎందుకో నోరు మరొక్క అడుగు వేసింది. ‘కానీ నేను...’ అన్నాను. క్రియ దొరకలేదు. అటువైపు కాసేపు ఏమీ వినపడలేదు.

‘నువ్వు నాకు తెలీదట్రా?’ అంది అమ్మ.