అవే కాళ్లు, వేరే ఆట

1991లో క్యాప్‌కామ్ సంస్థ స్ట్రీట్ ఫైటర్ 2ను ఆర్కేడ్‌లలోకి దించినప్పుడు ఆడేవాళ్లు ఎంచుకోవడానికి ఎనిమిది మంది యోధులుండేవారు. వాళ్లలో ఒక్కతే ఆడమనిషి, చున్ లీ. తండ్రిని చంపినవాణ్ని వెతుక్కుంటూ వచ్చిన ఇంటర్‌పోల్ అధికారిణి. నీలం చైనా దుస్తులు, రెండు కొప్పులు, చేతులకు ముళ్ల కంకణాలు. కిక్ బటన్‌ను టకటకా కొడుతూ పోతే ఆమె కాలు ఎటు తిరుగుతోందో కంటికి ఆనేది కాదు. ఆ దెబ్బ పేరు హ్యకురెత్సుక్యాకు. ఆట రానివాళ్లకు కూడా అందే దెబ్బ అది.

ముప్పై ఏళ్లు దాటినా ఆమె కొత్త భాగాల్లో కనిపిస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ తయారీదారుల ముందున్న చిక్కు ఒకటే. తెర మీద చూడగానే చున్ లీ అనిపించాలి. కానీ పాత భాగంలో నేర్చిన గెలుపు కిటుకు ఇక్కడ యథాతథంగా పారకూడదు. అందుకని వాళ్లు దెబ్బ రూపాన్ని పెద్దగా ముట్టుకోరు. ఆ దెబ్బ వేయడానికి చేతులు పడాల్సిన పాట్లనూ, అది తగిలాక దక్కే ఫలాన్నీ మారుస్తారు.

1992 చివర్లో వచ్చిన హైపర్ ఫైటింగ్ ఇందుకు తొలి మంచి ఉదాహరణ. ర్యూ, కెన్ లాంటి తోటి యోధులు దూరం నుంచి నిప్పు బంతులు రువ్వుతుంటే అప్పటిదాకా చున్ లీ దగ్గర విసరడానికి ఏమీ లేదు. ఈ కూర్పులో ఆమెకు కికోకెన్ అనే బంతి ఇచ్చారు. స్టిక్‌ను వెనక నుంచి కిందుగా ముందుకు అర్ధచక్రం తిప్పి పంచ్ కొడితే చాలు. మరుసటి ఏడు వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2లోనూ బంతి ఉంది, కానీ వేసే పద్ధతి మారింది. ముందు కాసేపు స్టిక్‌ను వెనక్కి పట్టి ఉంచాలి, ఆ తర్వాతే ముందుకు తోసి కొట్టాలి. ఆటగాళ్ల భాషలో దీన్ని ఛార్జ్ అంటారు.

పైకి చిల్లర మార్పులా కనిపించే ఈ సంగతే అసలైనది. అర్ధచక్రం తిప్పే చున్ లీ నడుస్తూ మీదకు వస్తూనే బంతి విసరగలదు. ఛార్జ్ పట్టాల్సిన చున్ లీ ముందు వెనక్కి తగ్గాలి, కాచుకోవాలి, అదను చూడాలి. బొమ్మ అదే, అరుపు అదే, మనిషి స్వభావం మాత్రం వేరు. కొత్త దెబ్బలు అరడజను చేర్చినా ఇంత తేడా రాదు.

1994 నాటి సూపర్ టర్బోలో ఆమెకు సెన్రెత్సుక్యాకు అనే సూపర్, అంటే గేజ్ నిండాక వేసే పెద్ద దెబ్బ, దక్కింది. దాంతోపాటే ఒక లొసుగూ. సూపర్‌కు కావలసిన స్టిక్ కదలికలు పూర్తిచేసి, చివర్లో స్టిక్‌ను ముందు వైపే పట్టి ఉంచితే ఆట ఆ ఆదేశాన్ని మర్చిపోయేది కాదు. అంటే చున్ లీ తాపీగా నడుచుకుంటూ దగ్గరకొచ్చి, ఎదుటివాడు ఏమరిన క్షణాన ఒక్క కిక్ బటన్ నొక్కితే సూపర్ పేలేది. ఇప్పటికీ ఆ ఆట ఆడేవాళ్లు ఆమెకు జంకడానికి ఇదొక కారణం. 1995లో మొదలైన ఆల్ఫా వరుస కథ స్ట్రీట్ ఫైటర్ 2 కంటే ముందు జరిగేది కాబట్టి అక్కడ ఆమె వయసూ, దుస్తులూ మారాయి.

1997లో స్ట్రీట్ ఫైటర్ 3 వచ్చేసరికి క్యాప్‌కామ్ పాతవాళ్లను దాదాపు ఊడ్చేసింది. ర్యూ, కెన్ మిగిలారు. చున్ లీకి మూడో కూర్పు, అంటే 1999 నాటి థర్డ్ స్ట్రైక్ దాకా పిలుపు రాలేదు. వచ్చాక మాత్రం యున్, కెన్‌లతో పాటు బలమైన యోధుల పై వరసలో కూర్చుంది.

ఆమెను అంత ఎత్తున కూర్చోబెట్టింది కూర్చుని కొట్టే ఓ మామూలు మీడియం కిక్. ఈ ఆటలో ఒక్కొక్కరూ మూడు సూపర్ ఆర్ట్స్‌లో ఒకటే ఎంచుకోవాలి. చున్ లీ ఆడేవాళ్లు సాధారణంగా రెండోదైన హోయోకుసెన్‌కే ఓటేస్తారు. కింది కిక్ వేస్తారు, తగిలిందో లేదో చూస్తారు, తగిలితే ఆ రెప్పపాటులోనే స్టిక్‌ను రెండుసార్లు పావుచక్రం తిప్పి సూపర్ అందుకుంటారు. తగలకపోతే ఊరుకుంటారు. దాంతో ఎదుటివాడికి ఆమె కాలు చాపితేనే గుండె ఝల్లుమంటుంది. మరో ఆటలో ఆ కిక్ వట్టి కిక్కే.

అదే హోయోకుసెన్ 2004లో ఇవో అనే ఫైటింగ్ ఆటల పోటీలో చరిత్రకెక్కింది, ఓడిపోయి మరీ. కాలిఫోర్నియాలో జస్టిన్ వాంగ్ చున్ లీతో, దైగో ఉమెహారా కెన్‌తో తలపడ్డారు. కెన్ ప్రాణం గీతంత మిగిలింది. కాచుకున్నా ఆ సూపర్ రాపిడికే పోయేంత తక్కువ. మిగిలిన దారి ప్యారీ ఒక్కటే. దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా స్టిక్‌ను ముందుకు తట్టాలి. ఉమెహారా ఆ సూపర్‌లోని పదిహేను దెబ్బలనూ అలాగే తిప్పికొట్టి, ఎదురు కాంబోతో, అంటే వరుస దెబ్బలతో, ఆ మ్యాచ్ లాక్కున్నాడు. టోర్నీ ఫైనల్లో మాత్రం ఓడాడు. వీడియో చూసేవాళ్లలో చాలామందికి ఆ సంగతి గుర్తుండదు.

2008 నాటి నాలుగో భాగంలో ప్యారీ లేదు, హోయోకుసెన్ కూడా లేదు. ఆమెకు అల్ట్రాలనే వేరే పెద్ద దెబ్బలు ఇచ్చారు. 2016లో వచ్చిన ఐదో భాగంలో హోయోకుసెన్ తిరిగొచ్చింది కానీ, అసలు పిడుగు మరోచోట పడింది. హ్యకురెత్సుక్యాకుకు బటన్ దంచే పని పోయింది. పావుచక్రం తిప్పి ఒక్క కిక్ చాలు. పాతికేళ్లుగా వేళ్లకు పట్టిన అలవాటును ఒక్క దెబ్బతో రద్దు చేయడం చిన్న విషయం కాదు. పాత అభిమానులు గొణుక్కున్నా, లాభం దండిగానే ఉంది. గాల్లోనూ పడే ఆ దెబ్బను నేలకు జానెడెత్తులో వేసి, దాన్నుంచి కాంబోలు అల్లడం నిపుణులు త్వరలోనే పట్టేశారు. తర్వాతి సీజన్ అప్‌డేట్‌లో క్యాప్‌కామ్ ఆమె పదును కొంత తగ్గించింది. ఇంటర్నెట్ కాలంలో యోధులు మారడానికి కొత్త భాగం దాకా ఆగక్కర్లేదు మరి.

2023 జూన్‌లో వచ్చిన ఆరో భాగంలో ముళ్ల కంకణాలు లేవు. పగబట్టిన అధికారిణి ఇప్పుడు మెట్రో సిటీ చైనాటౌన్‌లో విద్య నేర్పే గురువు. ఆ మార్పు దెబ్బల్లోనూ దిగింది. సెరినిటీ స్ట్రీమ్ అనే కొత్త భంగిమలో ఆమె ఒంగి, చేతులు చాచి నిలబడుతుంది. అక్కడి నుంచి ఆరు బటన్లకూ ఆరు వేర్వేరు దెబ్బలు. బలమైన కిక్ నొక్కితే ఎదుటివాడు గాల్లోకి లేస్తాడు. ఎక్కువగా కాలినే నమ్ముకున్న మనిషి చేతులతో కూడా మాట్లాడటం ఈ వరుసలోకెల్లా తెలివైన చేర్పు.

హోయోకుసెన్ ఇక్కడా ఉంది, రెండో స్థాయి సూపర్ ఆర్ట్‌గా. ప్యారీ కూడా డ్రైవ్ ప్యారీ పేరుతో తిరిగొచ్చింది. ఉమెహారా స్టిక్‌ను పదిహేనుసార్లు గురి తప్పకుండా తట్టాల్సి వచ్చిన చోట, ఇప్పుడు మీడియం పంచ్, మీడియం కిక్ కలిపి నొక్కి పట్టుకుంటే సరి. అందుకు బదులుగా డ్రైవ్ గేజ్ అనే శక్తి పట్టీ కరుగుతుంది.