రక్తం తీసే చెయ్యి

మెదడు కణాల్లో ఆర్‌ఎన్‌ఏలను పట్టుకుని, ఏ ప్రోటీన్ ఎప్పుడు తయారవ్వాలో అదుపు చేసే ప్రోటీన్ ఎఫ్‌ఎంఆర్‌పీ. దాని జన్యువు 1991లో దొరికింది. అందులో సీజీజీ అక్షరాలు 200 సార్లకు మించి వరుసగా వస్తే జన్యువు మూగబోతుంది. పిల్లలకు మాట, చదువు ఆలస్యమవుతాయి. అదే ఫ్రాజైల్ ఎక్స్.

దాన్ని తేల్చే పరీక్ష ల్యాబ్ టెక్నీషియన్ చేతిలోనే మొదలవుతుంది. తమిళనాడులోని రాజపాళయంలో ఏడ్చే పిల్లాణ్ని తెలుగులోనో తమిళంలోనో ఊరడిస్తూ, సన్నని నరాన్ని వేలికొసతో వెతికి పట్టుకుంటారు. ఊదా మూత గొట్టాన్ని కుదపరు, మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేస్తారు. కుదిపితే కణాలు చితుకుతాయి, గొట్టంలోని మందుతో కలపకపోతే రక్తం గడ్డకడుతుంది. గుచ్చినచోట ఒత్తే గాజుగుడ్డ పక్కనున్న చత్రపట్టిలో నేసిందే కావచ్చు.

పేరు చీటీ మాత్రం పిల్లాడి పక్కనే రాస్తారు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే: గొట్టాలు తారుమారైతే ఇంకో ఇంటి బిడ్డకు ఈ జబ్బు అంటగట్టినట్టే.