వంత పాడేవాళ్ళు ఉన్నంత కాలం

మన కొండ గ్రామాల చర్చిల్లో ఇప్పుడు రెండు రకాల పాట వినిపిస్తోంది. ఒకటి కీబోర్డు మీద, మైకులో, ఒక్క గొంతుతో వచ్చే కొత్త పాట. రెండోది, పెద్దవాళ్ళు ముగ్గురో నలుగురో ఎత్తుకుంటే మిగిలినవాళ్ళందరూ అందుకునే పాత కీర్తన. కొత్త పాట నేర్చిన కుర్రాళ్ళు కూడా ఆ పెద్దవాళ్ళు గొంతు ఎత్తితే చేతిలో ఫోను పక్కన పెడతారు.

ఈ ఆకర్షణ ఎక్కడిది? పాతది కాబట్టి బాగుంటుంది అంటారు కొందరు. పెద్దవాళ్ళకు భక్తి ఎక్కువ అంటారు ఇంకొందరు. ఈ రెండు జవాబులూ చాలవు. పాతవన్నీ నిలవలేదు, వందల పాటలు మరుగున పడిపోయాయి. భక్తి కొత్త పాటలోనూ ఉంది. పోనీ గొంతు తీపి అందామా అంటే, డెబ్బై ఏళ్ళ గొంతులో తీపి ఎంతని మిగులుతుంది? పై స్థాయి అందదు. ఊపిరి చరణం మధ్యలోనే తెగుతుంది. అయినా వింటాం. ఎందుకు వింటామో తేల్చుకోవాలి.

ఇదే ప్రశ్న అమెరికా నల్లజాతి గాయకుల విషయంలోనూ వచ్చింది. అక్కడ గాస్పెల్ క్వార్టెట్లు అని ఉన్నాయి. అంటే నలుగురు కలిసి పాడే క్రైస్తవ భక్తి బృందాలు. వాటి వేరు బానిసత్వ కాలపు పాటల్లో ఉంది. 1871లో ఫిస్క్ జూబిలీ సింగర్స్ అనే విద్యార్థి బృందం తమ విద్యాలయానికి డబ్బు కూడబెట్టడానికి ఊరూరా తిరిగి ఆ పాటలు పాడింది. ఆ తర్వాత నలుగురేసి బృందాలు పుట్టాయి. నాష్‌విల్‌లో 1921లో ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్, దక్షిణ కరోలినాలో 1928లో డిక్సీ హమ్మింగ్‌బర్డ్స్, అలబామాలో అంధుల పాఠశాల పిల్లలతో 1939లో బ్లైండ్ బాయ్స్. మొదట్లో వీళ్ళ చేతిలో వాయిద్యం లేదు. ఒకడు పాట నడిపిస్తాడు, ఇద్దరు నడిమి స్వరాలు పడతారు, ఒకడు అడుగు స్వరంలో దరువు మోస్తాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. క్వార్టెట్ అంటే నలుగురు అని అర్థమే గానీ, చాలా బృందాల్లో ఐదుగురు, ఆరుగురు ఉండేవారు. సోల్ స్టిరర్స్ బృందంలో ఆర్.హెచ్. హ్యారిస్ పాట నడిపించే పనిని ఇద్దరికి పంచాడు. ఒకడు అలసిపోతే ఇంకొకడు అందుకుంటాడు. మనుషులు ఐదుగురైనా పేరు మాత్రం క్వార్టెట్టే. ఎందుకంటే లెక్క మనుషులది కాదు, పాటలో ఉన్న స్థానాలది. ఒకరు పోతే ఆ స్థానంలోకి ఇంకొకరు వస్తారు. ఇరా టక్కర్ పదమూడేళ్ళ వయసులో 1938లో హమ్మింగ్‌బర్డ్స్‌లో చేరి, 2008లో చనిపోయేదాకా, డెబ్బై ఏళ్ళు ఆ బృందంలోనే పాడాడు. బ్లైండ్ బాయ్స్‌కి మొదటి గ్రామీ పురస్కారం వచ్చింది 2002లో. అప్పటికి బృందం పుట్టి అరవై ఏళ్ళు దాటింది. మొదటి తరం నుంచి ఉన్న క్లారెన్స్ ఫౌంటెన్ 2018లో చనిపోయాడు. బృందం ఇంకా పాడుతూనే ఉంది.

ముసలి బృందాన్ని వింటున్నప్పుడు మనం వినేది ఒక గొంతును కాదు. ఒక గొంతు ఎక్కడ ఆగిపోతుందో పక్క గొంతుకి ముందే తెలిసి ఉండటాన్ని వింటాం. ఊపిరి తెగిన చోట ఇంకొకరు అందుకుంటారు. పై స్థాయి అందని చోట పాటనే కొంచెం కిందికి దించుకుంటారు. ఏ ఒక్కరూ దాన్ని తప్పుగా చూడరు. నలభై, యాభై ఏళ్ళు పక్కపక్కన నిలబడితే తప్ప ఆ ఎరుక రాదు. కుర్ర గొంతుకి తీపి ఉండొచ్చు, ఈ ఎరుక ఉండదు. ముసలి బృందాల ఆకర్షణ అక్కడ ఉంది.

ఈ సంగతి ఉత్తరాంధ్రవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మనకు దానికి పేరు కూడా ఉంది: వంత. జముకుల కథలో కథ చెప్పేవాడు ఒకడే అయినా, పక్కనున్న వంతగాళ్ళు లేకపోతే కథ లేవదు. సుబ్బారావు పాణిగ్రాహి ఉద్యమం కోసం జముకుల కథను ఎంచుకున్నది ఊరికే కాదు. ప్రతి మాటనూ వంతగాడు పట్టుకుని తిరిగి జనంలోకి విసురుతాడు, రెండోసారి వచ్చేసరికి అది జనం మాట అవుతుంది. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాటలు కూడా వంత కోసం కట్టినవే. 2020లో ఆయన పోయాక కూడా సభల్లో ఆ పాటలు నిలిచి ఉన్నాయంటే, వంత పాడేవాళ్ళకు అవి నోటికి వచ్చి ఉండటమే కారణం.

కీర్తన మన కొండల్లోకి వచ్చేసరికి ఇక్కడ ఈ అలవాటు సిద్ధంగా ఉంది. విశాఖపట్నానికి లండన్ మిషన్‌వాళ్ళు వచ్చింది 1805లో. తర్వాత బొబ్బిలి, పార్వతీపురం, పాలకొండ, టెక్కలి, సోంపేట వైపు కెనడా బాప్టిస్టు మిషన్ పనిచేసింది. కానీ జనం నోట నిలిచిన కీర్తనల్లో చాలా వాటిని రాసింది దొరలు కాదు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో ఒక బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, క్రైస్తవంలోకి వచ్చి, 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి తెలుగులో ఎన్నో కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ పద్ధతి ప్రకారం ఉంటాయి.

ఆ రాగాల పేర్లు మన ముసలివాళ్ళలో ఎంతమందికి తెలుసు? చాలామందికి ఆ పుస్తకం చదవడమే రాదు. వాళ్ళు చెవితో నేర్చుకున్నారు. ఒకరు పంక్తి అంటే మిగిలినవాళ్ళు అదే పంక్తి అంటారు. అలా తిరిగి తిరిగి రాగం కొంత అరిగింది, కొంత పెరిగింది. నడక నెమ్మదించింది. పంక్తి చివర పొలం పాటల్లో ఉండే సాగదీత వచ్చి చేరింది. సంగీతం చదివినవారు దీన్ని అపస్వరం అంటారు. నేను దీన్ని కూర్పు అంటాను. పుస్తకంలో ఉన్నది పురుషోత్తమ చౌదరి కీర్తన. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు చర్చిల్లో వినిపించేది సవర, జాతాపు పెద్దల చేతిలో మళ్ళీ కట్టిన కీర్తన. రాసిన కవికి పేరు ఉంది. మళ్ళీ కట్టినవాళ్ళకు లేదు. మన సాహిత్య విమర్శ ఇంతవరకూ వాళ్ళను లెక్కలోకి తీసుకోలేదు.

అయితే మెచ్చుకోలుతో ఆగిపోతే విమర్శ కాదు. ఈ పాట మనకు ఇచ్చినదానితో పాటు తీసుకున్నదీ చెప్పుకోవాలి.

మొదటిది భాష. సవర ముండా కుటుంబపు భాష, తెలుగుతో చుట్టరికం లేదు. దాని విలువ తెలిసిన గిడుగు రామమూర్తి పంతులు దానికోసం ఏళ్ళ తరబడి పనిచేసి 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఒడిశా వైపు మంగేయి గొమాంగో 1936లో సొరంగ్ సొంపెంగ్ లిపి చేశాడు. సరిహద్దుకి ఆవల చర్చిల్లో సవర భాషలోనే కీర్తనలు పాడుకుంటారు. ఇటువైపు నేను విన్నంతలో తెలుగుదే పైచేయి. ఇంట్లో ఒక భాష, ప్రార్థనకు ఇంకో భాష అయింది. ముసలివాళ్ళ వంతలో సవర యాస వినిపిస్తుంది గానీ సవర మాట వినిపించదు.

రెండోది ఇంకా లోతైనది. సవరల పాత పద్ధతిలో చనిపోయినవాళ్ళు పూనకంలో ఉన్న మనిషి నోటి నుంచి మాట్లాడేవారు. బతికున్నవాళ్ళు వాళ్ళను అడిగేవారు, తిట్టేవారు, ఏడ్చేవారు, బతిమాలేవారు. 1970ల నుంచి ఒడిశా సవరల మధ్య తిరిగిన పియర్స్ విటెబ్స్కీ దీని మీదే 1993లో ఒక పుస్తకం రాశాడు. అక్కడి యువతరం బాప్టిస్టులయ్యాక ఆ సంభాషణ ఆగిపోయిన తీరును 2017లో వచ్చిన ఇంకో పుస్తకంలో చెప్పాడు. ఆలోచిస్తే ఆ సంభాషణ కూడా ఒక రకం వంతే. పోయినవారు ఒక మాట అంటే ఉన్నవారు బదులు పలికారు. ఇప్పుడు పోయినవారి స్థానం ఖాళీ. చావు ఇంట్లో కీర్తన ఓదారుస్తుంది, నిజమే. కానీ తండ్రితో తేల్చుకోవాల్సిన తగువు కీర్తనలో తేలదు.

మనలో చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, పాత కొలుపులు వదలనివాళ్ళు ఉన్నారు, రెండూ చూసుకునేవాళ్ళూ ఉన్నారు. ఎవరి దారి తప్పు అని తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఈనాటి ముసలి కీర్తనగాళ్ళలో చాలామంది చిన్నతనంలో ఆ పాత మాటలు విన్నవాళ్ళే. వాళ్ళ సాగదీతలో ఆ ఏడుపు తాలూకు జాడ ఉంది. అందుకే అది మనల్ని అంతగా పట్టుకుంటుంది. వాళ్ళతో ఆ జాడ కూడా పోతుంది.

ఇక కీబోర్డు సంగతి. వాయిద్యం మీద నాకు పగ లేదు. అమెరికా బృందాలు కూడా తర్వాత్తర్వాత గిటారు, డ్రమ్ములు తెచ్చుకున్నాయి. డిక్సీ హమ్మింగ్‌బర్డ్స్ 1973లో పాల్ సైమన్ అనే పాప్ గాయకుడితో కలిసి పాడారు. 2000లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమాలో ఫెయిర్‌ఫీల్డ్ ఫోర్ గోతులు తవ్వేవాళ్ళుగా కనిపించి పాడారు. అయినా వాళ్ళ పాట చెడలేదు, ఎందుకంటే నాలుగు స్థానాలూ చెక్కుచెదరలేదు. మన దగ్గర జరుగుతున్నది వేరు. ముందే రికార్డు చేసిన ట్రాకు మీద ఒక్కరు పాడతారు. వంత కూడా ట్రాకులోంచే వస్తుంది. చర్చిలో ఉన్న వందమంది వినేవాళ్ళుగా మిగులుతారు. పాట బాగుందా లేదా అన్నది తర్వాత, అందులో రెండో గొంతుకి చోటుందా అన్నది ముందు అడగాలి. చోటు లేకపోతే పదేళ్ళ పిల్ల ముసలమ్మ పక్కన నిలబడి అందుకోవడం ఎలా నేర్చుకుంటుంది?

మన రచయితలు చేయగలిగిన పని ఉంది. ముసలి గాయకులను రికార్డు చేసేటప్పుడు బాగా పాడే ఒక్కరినే పక్కకు పిలిచి పాడించుకోవద్దు. వంతతో సహా బృందాన్నంతా చేయాలి. వాళ్ళు ఒప్పుకుంటే పాడినవాళ్ళ పేర్లు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయాలి. కీర్తన అయ్యాక, చిన్నప్పుడు విన్న పాత పాట ఏదైనా గుర్తుందా అని అడగాలి. గుర్తుంటే దాన్ని సవరలోనే రాసుకోవాలి. ఈ పని బడికి సెలవులిచ్చే ఎండాకాలంలో కుర్రాళ్ళతో చేయించవచ్చు. రికార్డు చేసినవాళ్ళు చివర్లో ఒక చరణం ఆ పెద్దవాళ్ళతో కలిసి వంత పాడి రావాలి. పాట వాళ్ళ ఫోనులోకి చేరితే చాలదు, గొంతులోకి రావాలి.