మ్యాగజైన్‌ను విప్పి చూసిన తీర్పు

తుపాకీకి తగిలించే వస్తువులకు కూడా తుపాకీకున్న రాజ్యాంగ రక్షణ ఉంటుందా? అమెరికా కోర్టుల్లో ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. ఆ వాదంలోని పనితనం తెలియాలంటే ముందు ఒక పిస్టల్ మ్యాగజైన్‌ను విప్పి చూడాలి.

అందులో ముఖ్యమైన భాగాలు నాలుగే: సన్నని పెట్టె, లోపల స్ప్రింగ్, స్ప్రింగ్ మీద కూర్చునే ఫాలోవర్ అనే చిన్న పలక, అడుగున మూత. తూటాలను పైనుంచి ఒక్కొక్కటే నొక్కి నింపుతుంటే స్ప్రింగ్ ముడుచుకుంటుంది. పెట్టె పై అంచులు లోపలికి వంగి, అన్నిటికంటే పైనున్న తూటాను ఆపి పట్టుకుంటాయి. తుపాకీ పేలగానే దాని పైభాగమైన స్లైడ్ వెనక్కి జరిగి ఖాళీ గుల్లను బయటికి విసురుతుంది. స్లైడ్ తిరిగి ముందుకొస్తూ పై తూటాను అంచుల కింద నుంచి తోసి, గొట్టం వెనక గదిలోకి ఎక్కిస్తుంది. ఆ ఖాళీలోకి స్ప్రింగ్ తర్వాతి తూటాను లేపుతుంది. అంచుల వంపు కొంచెం చెడినా తూటా ఇరుక్కుపోతుంది. ఆఖరి తూటా పేలాక, చాలా పిస్టళ్లలో ఫాలోవరే ఒక మీటను పైకెత్తి స్లైడ్‌ను వెనకే నిలిపేస్తుంది.

అంటే మ్యాగజైన్ చేసే పనులు రెండు. తూటాలను దాచడం పెట్టె పని. వాటిని అందించడం స్ప్రింగ్ పని. న్యాయవాదమంతా ఈ రెండింటి మధ్యే తిరుగుతుంది.

రాజ్యాంగం రెండో సవరణ ‘ఆయుధాల’ను కాపాడుతుంది. 2022 నాటి సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు ప్రకారం పరీక్షకు రెండు మెట్లు. విషయం సవరణ పాఠం పరిధిలోకి వస్తుందా అన్నది మొదటిది. వస్తే, తన ఆంక్షకు దేశ చరిత్రలో సంప్రదాయం ఉందని ప్రభుత్వం చూపడం రెండోది. ఆయుధం కాదని మొదటి మెట్టులోనే తేలితే రెండో దాని అవసరమే ఉండదు.

పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్లను కాలిఫోర్నియా నిషేధించింది. డంకన్ వర్సెస్ బాంటా కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో 7-4 మెజారిటీతో ఆ చట్టాన్ని సమర్థించింది. జడ్జి సుజాన్ గ్రేబర్ రాసిన తీర్పును అంచెలంచెలుగా చదవాలి. రాజ్యాంగం రాసిన కాలంలో ఆయుధం వేరు, సరంజామా వేరు. తూటాల పెట్టె సరంజామా కిందికి వచ్చేది. అయితే ఏదో ఒక మ్యాగజైన్ లేనిదే ఇలాంటి పిస్టల్ సవ్యంగా పనిచేయదని తీర్పు దాటవేయకుండా ఒప్పుకుంటుంది. పనిచేయడానికి పెద్దదే కావాలా అని ఆ వెంటనే అడుగుతుంది. పది తూటాలదైనా చాలు కాబట్టి పెద్దదానికి రక్షణ లేదంటుంది. అక్కడితో ఆగకుండా, ఒకవేళ అది ఆయుధమే అనుకున్నా చరిత్ర ఇలాంటి ఆంక్షను సమర్థిస్తుందని రెండో ఆధారాన్నీ నిలబెడుతుంది.

విభేదించిన జడ్జి లారెన్స్ వాన్‌డైక్ తన ఛాంబర్‌లోనే పిస్టళ్లను పట్టుకుని, భాగాలు చూపిస్తూ వీడియో తీశారు. తక్కువ సామర్థ్యమున్నది చాలనే లెక్కన చూస్తే తుపాకీలో దాదాపు ప్రతి భాగాన్నీ అనుబంధమనొచ్చని ఆయన వాదన. జడ్జే నిపుణుడైన సాక్షి పాత్రలోకి దిగారని జడ్జి మార్షా బెర్జాన్ గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో బలముంది. అయినా వాన్‌డైక్ వేసిన ప్రశ్న యంత్రం లోపలి నుంచే వచ్చింది.

ఆ కాలపు సరంజామా ఎలా ఉండేదంటే, 1792 మిలీషియా (పౌరసేన) చట్టం మస్కెట్ తుపాకీతో వచ్చే ప్రతి సైనికుడూ కనీసం 24 తూటాలు పట్టే సంచి తెచ్చుకోవాలంది. ఆ సంచి నడుముకు వేలాడేది. తుపాకీ లోపలి కదలికతో దానికి సంబంధం లేదు. మ్యాగజైన్‌లో ఆ సంచీ ఉంది, యంత్రభాగమూ ఉంది. గ్రేబర్ గీత గీసింది పెట్టె పొడవు మీద. స్ప్రింగ్ పనిని ఆమె ముట్టుకోలేదు. ఆ పొడవును పనితీరు నుంచి విడదీయడం కుదరదన్నది విభేదించినవారి పట్టు. ఎవరితో ఏకీభవించినా, ఒక హక్కు హద్దును ఒక వస్తువు కీళ్ల దాకా వెళ్లి వెతికిన ఈ శ్రద్ధను మెచ్చుకోకుండా ఉండలేం.