ఆటుకు కొండ, పోటుకు కడలి

థాయ్‌లాండ్ దక్షిణాన, అండమాన్ సముద్రం ఒడ్డున, క్రాబీ రాష్ట్రంలో రైలే అనే చోటు ఉంది. అది ద్వీపం కాదు, ప్రధాన భూభాగానికి అతుక్కునే ఉంటుంది. అయినా అక్కడికి రోడ్డు లేదు. నిటారుగా లేచిన సున్నపురాతి గోడలు వెనకనున్న ఊళ్లకూ దానికీ మధ్య అడ్డంగా నిలబడ్డాయి. ఆవ్ నాంగ్ ఒడ్డున లాంగ్‌టెయిల్ బోటు ఎక్కితే పావుగంటలో చేరుకోవచ్చు. కొయ్య పడవ, వెనక ఇంజను, దానికి పొడవాటి ఊచ, ఊచ చివర ప్రొపెల్లరు. నీరు ఎంత ఉందన్నదాన్ని బట్టి మోకాలి లోతులోనో నడుం లోతులోనో దిగి, సామాను నెత్తికెత్తుకుని నడవాలి.

ఇక్కడికి వచ్చేవాళ్లు ముఖ్యంగా రెండు పనుల కోసం వస్తారు. ఒకటి ఆ గోడలు ఎక్కడం. రెండోది వాటి పాదాల దగ్గరి సముద్రంలో మాస్కు పెట్టుకుని తేలుతూ అడుగు చూడడం. టూర్లు అమ్మేవాళ్లు వీటిని రెండు వేర్వేరు టికెట్లుగా అమ్ముతారు. నాకు మాత్రం ఇవి ఒకే విద్యలా కనిపిస్తాయి. ఒంట్లో బలమెంత ఉన్నా దాన్ని వీలైనంత తక్కువ వాడడం, ఊపిరిని పట్టించుకోవడం, దేన్ని ముట్టుకోవాలో దేన్ని ముట్టుకోకూడదో ముందే తెలుసుకోవడం ఈ రెంటికీ మూలం. రెంటికీ వేళ చెప్పేది ఆటుపోట్లే. ఇక్కడ ఒక పోటుకీ తర్వాతి పోటుకీ నడుమ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే రోజురోజుకీ పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా ఎక్కి, బాగా దిగుతుంది. ఆటు వేళ ఇసుక బయటపడి, పక్కనున్న టోన్‌సాయ్ బీచి నుంచి రైలేకి రాళ్ల మీదుగా నడిచిపోవచ్చు. గోడల మొదలు దగ్గర నిలబడి తాడు పట్టుకోవడానికి పొడి నేల దొరుకుతుంది. పోటు వేళ పగడపు దిబ్బల మీద మనిషి కాళ్లు తగలనంత నీరు చేరుతుంది. ఆటుకు కొండ, పోటుకు కడలి అనుకుని రోజును పంచుకున్నవాళ్లకు రెండూ దక్కుతాయి.

ఈ రాయి ఒకప్పుడు సముద్రపు అడుగే. 25 కోట్ల ఏళ్లకు పైబడిన పెర్మియన్ కాలంలో గవ్వలు, పగడాలు, ఇంకా ఎన్నో కడలి జీవుల సున్నం పేరుకుని గట్టిపడింది. నేల కదలికలు దాన్ని పైకెత్తాయి. ఆ తర్వాత పని వానది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాన నీరు సున్నాన్ని కరిగించి, కిందికి జారుతూ మళ్లీ వదిలిపెడుతుంది. బొర్రా గుహలు చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు, రసాయనం అక్కడా ఇక్కడా ఒకటే. తేడా ఏమిటంటే బొర్రాలో ఆ శిల్పమంతా చీకట్లో ఉంది. రైలేలో అది ఆరుబయట, ఎండలో, సముద్రం మీదికి మర్రి ఊడల్లా వేలాడుతోంది. గోడల అడుగున నీటిమట్టం దగ్గర లోపలికి తినేసిన ఒక గాడి కూడా కనిపిస్తుంది. దాని మీద పడవ పట్టేంత చూరు మిగిలి ఉంటుంది.

తెలుగు నేల మీద రాళ్లెక్కడం నేర్చుకునేవాళ్లకు పరిచయమైనది గ్రానైట్. భువనగిరి కొండ మీద శిక్షణ మొదలుపెట్టిన మలావత్ పూర్ణ 2014లో, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. అలాంటి గుండు మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. బూటు అడుగును రాతికి ఆనించి, బరువంతా దాని మీద వేసి, జారదన్న నమ్మకంతో లేవాలి. రైలే సున్నపురాయి అడిగేది వేరు. ఇక్కడ రాయి ముందుకు పొడుచుకు వస్తుంది, లోపలికి గుంటలు పడుతుంది, పక్కకు తిరుగుతుంది. ఊడను రెండు పక్కలా అరచేతులతో నొక్కి పట్టుకోవాలి. గుంటలో రెండు వేళ్లు దూర్చి వేలాడాలి. రెండు ఊడల మధ్య మోకాలిని ఇరికించి, చేతులు రెండూ వదిలేసి సేద తీరవచ్చు. ఆ చివరిది నేర్చుకున్న రోజున ఎక్కడం మీద ఉన్న అభిప్రాయమే మారిపోతుంది. తలకిందయ్యేలా వంగిన గోడ మీద చేతులకు విశ్రాంతి దొరుకుతుందని కింద నుంచి చూసేవాళ్లు ఊహించలేరు.

కొత్తవాళ్లు చేతులతో ఎక్కుతారు. మోచేతులు వంచి, రాయిని గుండెలకు లాక్కుని, పది అడుగులకే ముంజేతులు రాయిలా బిగుసుకుపోయి దిగిపోతారు. రైలే తూర్పు పక్కనున్న వన్ టూ త్రీ గోడ దగ్గర, మొదటిసారి వచ్చినవాళ్లకు స్థానిక శిక్షకులు చెప్పే మాటల్లో ఎక్కువ భాగం కాళ్ల గురించే. చేతులు చాచి ఉంచాలి, అప్పుడు బరువు కండల మీద కాక ఎముకల మీద పడుతుంది. తుంటిని పక్కకు తిప్పి గోడకు ఆనించాలి. అడుగు ఎక్కడ వేస్తున్నామో, అది పూర్తిగా ఆనేదాకా కళ్లు అక్కడే ఉండాలి. బొటనవేలి కొసన నిలబడాలి తప్ప పాదం మధ్యతో కాదు. చేయి ఎత్తేముందు కాలు ఎత్తాలి. ఊపిరి బిగబట్టకూడదు. భయమేసినప్పుడు మనిషి మొదట ఆపేది ఊపిరే, కండలు బిగిసేదీ అక్కడినుంచే.

మొదట్లో తాడు పైనున్న లంగరు గుండా తిరిగి కిందికి వస్తుంది. కిందివాళ్లు దాన్ని బిగిస్తూ ఉంటారు కాబట్టి చేయి జారినా అడుగో రెండడుగులో కిందికి దిగి ఆగిపోతారు. అనుభవం వచ్చాక ముందు ఎక్కేవాళ్లే తాడును వెంట తీసుకెళ్తూ, దారిలోని బోల్టులకు ఒక్కొక్కటిగా తగిలించుకుంటూ పోతారు. చివరి బోల్టుకు ఆరడుగుల పైన పట్టు తప్పితే పన్నెండడుగులు పడతారు, తాడు సాగడం దానికి అదనం. అందుకే బయల్దేరేముందు ఇద్దరూ ఒకరి ముడిని ఒకరు తడిమి చూసుకుంటారు. ఎనిమిది ముడి సరిగా పడిందా, హార్నెస్ బకిల్ బిగిసిందా, కిందివాళ్లు తాడును ఆపే బిలే పరికరంలో అది ఎటు నుంచి వెళ్లింది? ఎంత పాతవాళ్లయినా దీన్ని వదిలిపెట్టరు.

ఇక ఆ బోల్టుల సంగతి. ఇక్కడ ఎక్కే ఎవరైనా తెలుసుకోవలసిన సంగతి అదే. 1980ల చివర్లో, 90ల మొదట్లో ఇక్కడ దారులు వేసినవాళ్లు స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు బిగించారు. తుప్పు పట్టని ఉక్కు కదా అనుకున్నారు. కొన్నేళ్లకే అవి విరగడం మొదలైంది. ఉప్పు గాలిలోని క్లోరైడు, వేడి, తేమ, బోల్టును లాగిపట్టే బిగువు కలిసినప్పుడు ఉక్కులో సన్నని పగుళ్లు లోపలికి పాకుతాయి. పైన మెరుస్తూనే ఉంటుంది, పగులు కంటికి కనబడదు. బరువు పడ్డ రోజు విరుగుతుంది. ఆ తర్వాత టైటానియం వచ్చింది. రాతిలో రంధ్రం తొలిచి, దుమ్మంతా ఊదేసి, బ్రష్షుతో శుభ్రం చేసి, ఎపాక్సీ జిగురు నింపి, టైటానియం కడ్డీ దించి, గట్టిపడేదాకా వదిలేయాలి. ఖరీదు ఎక్కువ, శ్రమ ఇంకా ఎక్కువ. థాయ్‌టేనియం ప్రాజెక్ట్ పేరుతో కొందరు ఈ పనిని భుజాన వేసుకున్నారు. ఎండలో తాడుకు వేలాడుతూ పాత బోల్టుల స్థానంలో కొత్తవి దించుతారు. వాళ్లు మార్చిన దారిలో ఎక్కి దిగాక, ఆ పనికి కొంత డబ్బు ఇవ్వకుండా వెనక్కి రావడం నాకు సబబుగా అనిపించదు. ఏ దారికి టైటానియం పడిందో, ఏ దారికి పడలేదో అక్కడి దుకాణాల్లో అడిగి తెలుసుకున్నాకే తాడు విప్పాలి.

తాడే లేకుండా ఎక్కే పద్ధతి కూడా ఈ తీరంలో ఉంది. డీప్ వాటర్ సోలో అంటారు. సముద్రం మీదికి వంగిన గోడ కిందికి పడవ తీసుకెళ్తుంది, పడవ నుంచే రాయి పట్టుకుంటారు. పడితే నీళ్లలో పడతారు. మధ్యధరా సముద్రంలోని మయోర్కా ద్వీపంలో క్రిస్ షర్మా 2006లో ఎస్ పొంటాస్ అనే రాతి కమానును ఇలాగే ఎక్కాక దీనికి ప్రపంచమంతటా పేరొచ్చింది. కో పోడా చుట్టుపక్కల దీవుల దగ్గర పడవలవాళ్లకు ఏ గోడ కింద లోతుందో తెలుసు. ఇది పోటు వేళ చేసే పని. ఆటులో అదే గోడ కింద రాళ్లు బయటపడతాయి. పడేటప్పుడు నిటారుగా, కాళ్లు కలిపి, చేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. దూకగలిగిన ఎత్తు దాటి ఎక్కడం ధైర్యం కాదు.

ఈ గోడలను మొదట ఎక్కింది పర్యాటకులు కాదు. ఈ తీరపు గుహల్లో, ఫీ ఫీ లే దీవిలోని వైకింగ్ గుహలో గూటి పిట్టలుంటాయి. స్విఫ్ట్‌లెట్ అనే ఆ పిట్ట తన ఉమ్మితోనే గూడు కడుతుంది. చీకట్లో టిక్కుటిక్కుమని చప్పుడు చేసి, ఆ ప్రతిధ్వనితో దారి చూసుకుంటుంది. చైనా వంటల్లో ఆ గూడుకు పెద్ద ధర. వెదురు బొంగులను తీగలతో, తాళ్లతో కట్టి గుహ కప్పు దాకా నిలబెట్టి, వట్టికాళ్లతో ఎక్కి గూళ్లు కోసేవాళ్ల పని తరాల నాటిది. హార్నెస్ లేదు, బోల్టు లేదు. వాళ్ల ఫొటోలు చూసినవాళ్లెవరూ ఆధునిక పరికరాలతో ఎక్కడాన్ని గొప్పగా చెప్పుకోలేరు.

నీళ్లలోకి దిగుదాం. స్నార్కెల్ గొట్టం మూరెడు కూడా ఎందుకుండదని చాలామంది అడుగుతారు. మీటరు లోతులో నీరు ఛాతీ మీద వాతావరణ పీడనంలో పదో వంతు అదనంగా నొక్కుతుంది. ఆ బరువుకు ఎదురుగా పైనున్న గాలిని పీల్చడం ఊపిరి తీసే కండరాలకు చేతకాదు. పైగా గొట్టం పొడుగైతే వదిలిన గాలే మళ్లీ లోపలికొస్తుంది. అందుకే ముఖం నీటిలో పెట్టి పైన తేలడమే స్నార్కెలింగ్. నిదానంగా, లోతుగా పీల్చాలి. గొట్టంలో నీరు చేరితే ఒక్కసారి గట్టిగా ఊదేయాలి. ఫిన్స్ తొడుక్కున్న కాళ్లను మోకాలి దగ్గర కాక తుంటి దగ్గర నుంచి కదిలించాలి. కిందికి మునగాలంటే ముక్కు మూసి చెవుల్లోకి గాలి నెట్టాలి. ముక్కుతో కొంచెం గాలి మాస్కులోకి వదలాలి, లేకపోతే అది ముఖాన్ని పీల్చేస్తుంది. మునిగేముందు గబగబా ఊపిరి తీసి వదలడం చాలా ప్రమాదం. దానివల్ల ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకముందే స్పృహ తప్పుతుంది.

కదలకుండా తేలితే చెవికి ఓ కొరుకుడు చప్పుడు వినిపిస్తుంది. పారట్‌ఫిష్ అనే చేప పగడాన్ని గీరి తినే చప్పుడది. తిన్న సున్నం ఇసుకగా బయటికొస్తుంది, మన కాళ్ల కింది తెల్లటి ఇసుకలో కొంత వాటి పుణ్యమే. పగడం మీద నిలబడితే మనిషి బరువుకు ఏళ్లనాటి పెరుగుదల ఒక్క క్షణంలో విరిగిపోతుంది. 2010లో నీరు వేడెక్కి అండమాన్ సముద్రంలో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడ్డాయి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ వంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను 2021లో థాయ్‌లాండ్ తన సముద్రపు జాతీయ ఉద్యానాల్లో నిషేధించింది. ఒళ్లు కప్పే చొక్కా వేసుకుంటే ఆ క్రీము అవసరమే తగ్గిపోతుంది.

మాస్కు ఎందుకు కావాలంటే, మన కంటికి చూపునిచ్చే వంపులో ఎక్కువ భాగం గాలికీ కార్నియాకూ మధ్యన ఉంటుంది. నీళ్లు తగిలితే ఆ శక్తి పోతుంది, లోకం మసకబారుతుంది. అయితే ఉత్తరాన సురిన్ దీవుల్లో ఉండే మోకెన్ అనే సముద్ర సంచార తెగ పిల్లలు మాస్కు లేకుండా గవ్వలు ఏరుకుంటారు. స్వీడన్ పరిశోధకురాలు అన్నా గిస్లెన్ 2003లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం వాళ్లు నీటి అడుగున యూరప్ పిల్లలకు రెట్టింపు సూక్ష్మంగా చూడగలరు. నీళ్లలో కనుపాపను 2 మిల్లీమీటర్లకు లోపే కుదించి, లెన్సును మరింత గుండ్రం చేస్తారు. ఇది పుట్టుకతో వచ్చిన వరమా అన్న అనుమానం ఆ తర్వాతి పరిశోధనతో తీరింది. కొన్ని వారాల సాధనతో స్వీడన్ పిల్లలకు కూడా ఆ చూపు వచ్చింది. వాళ్లకు సముద్రపు తీరు కూడా తెలుసు. సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26న సముద్రం అసహజంగా వెనక్కి తగ్గినప్పుడు, పెద్దలు చెప్పిన రాక్షస అల కథ గుర్తొచ్చి మోకెన్లు ఎత్తుకు పరుగెత్తారు, బతికారు. అదే ఉదయం ఆ సునామీ రైలే దాకా వచ్చింది.

ఫీ ఫీ లేలోని మాయా బే గురించి చెప్పకుండా ఈ తీరం గురించి రాయలేం. 2000లో విడుదలైన ‘ది బీచ్’ సినిమా తర్వాత జనం రోజుకు వేలల్లో వచ్చారు, పడవలు పగడాల మీదే లంగర్లు వేశాయి. 2018 జూన్‌లో దాన్ని మూసేశారు. 2022 జనవరిలో తెరిచేదాకా పగడాలను నాటారు. ఈలోగా రెక్క కొస నల్లగా ఉండే చిన్న సొరలు తిరిగొచ్చాయి. ఇప్పుడు పడవలు దీవి వెనక పక్క ఆగాలి, బేలోకి రాకూడదు. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో దాన్ని మళ్లీ మూస్తున్నారు. ఆ రెండు నెలల్లో వెళ్లలేమని నొచ్చుకోనక్కర్లేదు. అది నైరుతి రుతుపవనాల కాలం, సముద్రం రేగి నీరు కలకగా ఉంటుంది, గోడల నిండా వాన చెమ్మ. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కొండ ఆరి ఉంటుంది, నీరు తేరుకుని ఉంటుంది. టికెట్లు అప్పటికి తీసుకోండి.