ఆటలో కథ ఎక్కడుంది?

వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అన్న చర్చ మన సాహిత్యంలో పాతదే. దాన్ని ఆటల మీద ప్రయోగించి చూడవలసిన అవసరం ఇప్పుడు వచ్చిందని నా అభిప్రాయం. ఈనాటి యువతరంలో చాలామంది కథల్ని చదవడమే కాదు, కంప్యూటర్ తెర మీద ఆడుతున్నారు కూడా. అదంతా కాలక్షేపమని తోసిపుచ్చడం విమర్శకుడు చేయదగిన పని కాదు.

ఆటలో కథ అంటే బొమ్మలు, సంభాషణలు అని సాధారణంగా అనుకుంటారు. నా దృష్టిలో అవి పైపూత మాత్రమే. ఏ పనికి లాభం, ఏ పనికి శిక్ష, ఎవరికి ఎంచుకునే వీలుంది, ఎవరికి లేదు అన్నది నిర్ణయించేది నియమాలు. ఆట దృక్పథం అక్కడే ఉంటుంది.

మనందరికీ తెలిసిన వైకుంఠపాళినే తీసుకుందాం. పుణ్యం నిచ్చెన ఎక్కిస్తుంది, పాపం పాము నోట పడేస్తుంది అని పటం బోధిస్తుంది. కాని ఆడేవాడు పుణ్యం చేసేదీ లేదు, పాపం చేసేదీ లేదు. గవ్వలు ఎన్ని పడితే అన్ని గళ్ళు కదలడమే అతని పని. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని పటం చెబుతుంటే, నీ చేతిలో ఏమీ లేదని నియమం చెబుతుంది. ఆడేవాడికి అనుభవంలోకి వచ్చేది రెండోదే.

అమెరికాలో ఎలిజబెత్ మాగీ 1904లో పేటెంటు పొందిన 'లాండ్‌లార్డ్స్ గేమ్' చరిత్ర ఇంకా విలువైన పాఠం. భూమి మీద వచ్చే ఆదాయం సమాజానికే చెందాలన్న హెన్రీ జార్జ్ సిద్ధాంతాన్ని ఆమె నమ్మింది. ఆ ఆటకు రెండు నియమావళులు ఏర్పడ్డాయి. ఒకదానిలో స్థలాలన్నీ చేజిక్కించుకుని తక్కినవాళ్ళను దివాలా తీయించినవాడు గెలుస్తాడు. రెండోదానిలో భూమి అద్దె ప్రజల ఖజానాకు చేరి అందరూ బాగుపడతారు. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ ఆమె పేటెంటును 500 డాలర్లకు కొన్నది. అదే సంవత్సరం ఆ కంపెనీ 'మోనొపొలీ'ని చార్లెస్ డారో సృష్టిగా ప్రచారం చేసి అమ్మింది. అందులో మిగిలింది మొదటి నియమావళి బాట ఒక్కటే. మన ఇళ్ళలో పిల్లలు 'బిజినెస్' అని ఆడేదీ ఈ తరహా ఆటే.

ఇక్కడ జరిగింది పేరు దొంగతనం ఒక్కటే కాదు. రెండో నియమావళి పక్కన ఉన్నంతకాలం మొదటిది విమర్శ. రెండోది పోగానే మొదటిది లోకసహజమైపోయింది. ప్రత్యామ్నాయం చూపని వాస్తవికత, తాను చిత్రించిన దోపిడీకే సమర్థన అయ్యే ప్రమాదం ఉందని దీన్నిబట్టి గ్రహించాలి.

ఇటీవలి ఆటల్లో 2013లో లూకస్ పోప్ తయారుచేసిన 'పేపర్స్, ప్లీజ్' చర్చించదగినది. కథాకాలం 1982. ఆర్‌స్టాట్స్కా అనే కల్పిత దేశపు సరిహద్దులో మనం కాగితాలు తనిఖీ చేసే చిరుద్యోగులం. ఎంతమందిని తప్పు లేకుండా పరిశీలిస్తే అంత కూలి. రాత్రికి అద్దె, తిండి, చలిమంట ఖర్చు లెక్క వస్తుంది. ఒక భర్త కాగితాలు సరిగా ఉంటాయి. వెనకే వచ్చిన భార్యకు అనుమతి పత్రం ఉండదు. ఆమెను పంపిస్తే అది తప్పు. రోజుకు మొదటి రెండు తప్పులకు హెచ్చరికే. ఆపైన కూలిలో కోత. దాంతో ఆడేవాడు తన దయను కూడా పొదుపుగా ఖర్చుపెట్టడం నేర్చుకుంటాడు. నియంతృత్వం మీద ఒక్క ఉపన్యాసం లేకుండా, అది మామూలు మనిషిని ఎలా తన పనిముట్టు చేసుకుంటుందో ఆ నియమం చూపించింది.

అయితే దీని పరిమితీ నియమాల్లోనే ఉంది. తిరుగుబాటు ఒక రహస్య సంస్థ అప్పగించే పనుల రూపంలో వస్తుంది. సాటి ఉద్యోగులతో కలిసి కూలి పెంచమని అడిగే దారి మాత్రం లేదు. వ్యక్తి మనస్సాక్షి ఉంది. సమష్టి పోరాటం లేదు.

అభ్యుదయ భావాలతో ఆటలు రూపొందించాలనుకునే యువకులకు నేను చెప్పేది ఒక్కటే. అట్ట మీద రైతు బొమ్మ వేసి, పక్క రైతు పొలం కొన్నవాడే గెలిచేటట్టు నియమం పెడితే అది భూస్వామి ఆటే అవుతుంది. ఈ మాట కథలు రాసేవారికీ వర్తిస్తుంది. పాత్ర నోట ఎన్ని నినాదాలు పలికించినా, కథ నడకలో ఆ పాత్రకు ఏ దారి తెరిచి ఉంచాం, ఏ దారి మూసేశాం అన్నదాన్నిబట్టే మన దృక్పథం తేలుతుంది.