‘కలర్’ పంచాయితీ, ‘కుమ్రం’ పంచాయితీ

పెరుగు వ్యాసానికి ఏ పేరు పెట్టాలన్న దాని మీద ఇంగ్లిష్ వికీపీడియాలో ఎనిమిదేండ్లు కొట్లాట నడిచింది. 2003లో మొదలైతే 2011 చివరికి గాని తెగలేదు. ‘యోగర్ట్’ అనే మాటలో ‘హెచ్’ ఉండాల్నా, వద్దా అన్నదే పంచాయితీ. ఆఖరికి ‘హెచ్’ లేకుండనే నిలిచింది.

ఇసొంటి తగువులు చాలా చూసి అక్కడోళ్లు కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నరు. ఒక వ్యాసంలో ఒకటే పద్ధతి ఉండాలె. ఒక దేశంతోని గట్టి సంబంధమున్న సంగతైతే ఆ దేశపు ఇంగ్లిష్‌లోనే రాయాలె. అమెరికా అంతర్యుద్ధానికి అమెరికా వర్ణక్రమం, 1666 లండన్ అగ్నిప్రమాదానికి బ్రిటిష్ వర్ణక్రమం. ఏ దేశానికీ చెందని సంగతైతే ముందు రాసినోళ్లు ఏది వాడితే అదే ఉంచాలె. వీటిలో నాకు నచ్చిందేందంటే, ఎవరిది ఒప్పు అన్న ప్రశ్న ఇవి అసలే అడగవు.

2003 డిసెంబరులోనే మొదలైన తెలుగు వికీపీడియాకు ఇవే కట్టుబాట్లు తెచ్చుకుంటే సరిపోతదా? సగమే సరిపోతయి. ‘కలర్’లో ‘యు’ రాసినా తీసేసినా చదివేటోళ్ల ఉచ్చారణ మారదు. తెలుగులో రాసిందే పలుకుతం. ‘చేశాడు’ అంటే ఒక గొంతు, ‘చేసిండు’ అంటే ఇంకో గొంతు. జగిత్యాలలో ఇంట్లో ‘చేసిండు’ అనే పిల్లకు పాఠ్యపుస్తకం ‘చేశాడు’ అనే నేర్పుతది. 1828లో వచ్చిన వెబ్‌స్టర్ నిఘంటువు అమెరికా వర్ణక్రమానికి అండగ నిలిచింది. ఇప్పుడది బ్రిటిష్ పద్ధతితో సమ ఉజ్జీ. మన దగ్గర కృష్ణా, గోదావరి జిల్లాల మాట ప్రమాణమైంది, కరీంనగర్ మాటకు మాండలికమని పేరు పడ్డది. నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ కూర్చినా, అల్లం రాజయ్య ఈ మాటలోనే కథలు రాసినా ఆ పేరు పూర్తిగ పోలేదు. ఇసొంటి చోట ‘ముందు రాసినోళ్ల పద్ధతే ఉండాలె’ అంటే అది సంధి కాదు. ముందు నుంచి ఉన్న పెద్దరికానికే మళ్ల ముద్ర వేసుడు.

పేర్ల కాడ ఈ సంగతి ఇంకా తేటగ కనబడతది. ‘ఆదిలాబాదు’ అని ఉకారం చేర్చుడు తెలుగుకు పాత అలవాటే, తప్పు గాదు. కాని ఆ ఊళ్లె అడిగితే ‘ఆదిలాబాద్’ అనే అంటరు. జోడేఘాట్ కాడ 1940లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన గోండు వీరుని పేరు చూడుండ్రి. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవల మీద ‘కొమురం భీం’. పత్రికల్లో చాలాసార్లు ‘కొమరం’. 2016 అక్టోబరు 11న ఏర్పడ్డ జిల్లాకు ‘కుమురం భీం ఆసిఫాబాద్’. గోండు ఇండ్లల్లో ఆ ఇంటిపేరు ‘కుమ్రం’. మనం ఎన్ని తీర్ల రాసినా, ఇంటిపేరు ఎట్ల పలకాల్నో చెప్పే హక్కు ఆ ఇంటోళ్లదే.

అందుకే ఇంగ్లిష్ వాళ్ల ‘గట్టి సంబంధం’ నియమం తీసుకొని, దేశం బదులు జిల్లా, తెగ అని చదువుకోవాలంట నేను. శీర్షిక ‘కుమ్రం భీం’ పెట్టి, మిగతా రూపాలన్నిటికీ దారిమార్పులు ఇస్తే, ఎవరు ఎట్ల వెతికినా వ్యాసం దొరుకుతది. దీనికి ఖర్చు లేదు, కష్టం లేదు.

చైనీస్ వికీపీడియాలో సంప్రదాయ లిపిని సరళ లిపిగ యంత్రమే మార్చి చూపిస్తది, చదివేటోళ్లు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. లిపికి అది మంచి ఉపాయం. మన క్రియలకు మాత్రం వద్దు. కేస్లాపూర్ నాగోబా జాతర మీద ఇంద్రవెల్లి పిల్ల ఒకామె ‘మెస్రం వంశపోళ్లు హస్తినమడుగు నుంచి గంగనీళ్లు తెచ్చిండ్రు’ అని రాస్తే, ఆ వ్యాసం కడదాక ‘తెచ్చిండ్రు’తోనే సాగాలె. తర్వాత వచ్చి చేర్చేటోళ్లు, వాళ్లది గుంటూరైనా సరే, ఆమె పద్ధతిలోనే చేర్చాలె. దిద్దుబాటని ‘తెచ్చారు’ చేస్తే దాన్ని వెనక్కి తిప్పి, ఎందుకు తిప్పిండ్రో చర్చ పేజీలో రాయాలె.